మీ రాష్ట్రానికి అమ్మము

అమెరికాలో ఫోన్ ఉన్న ప్రతివాడికీ ఆ కాల్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. మీ కారు వారంటీ అయిపోవస్తోంది, ఇదే ఆఖరి అవకాశం అంటూ రికార్డు చేసిన గొంతు ఒకటి తొందరపెడుతుంది. కారు లేనివాడికీ వస్తుంది, అది వేరే సంగతి. 2021లో మూడు నెలల వ్యవధిలో ఒక్క ముఠాయే 50 కోట్లకు పైగా నంబర్లకు 500 కోట్లకు పైగా ఇలాంటి కాల్స్ చేసిందని అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది. 2023 ఆగస్టులో దానికి దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ దేశ జనాభా 33 కోట్ల చిల్లర. మిగతా నంబర్లు ఎవరివో కమిషన్‌కే తెలియాలి.

అమ్మేవాళ్లు ఇంతగా వెంటపడే దేశంలో, తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి ఒక మంచి వారంటీ కొనుక్కుందామనుకున్న ఫ్లోరిడా మనిషికి మాత్రం "మీ రాష్ట్రానికి అమ్మము" అన్న జవాబు వస్తుంది. వద్దన్నవాడికి రోజూ ఫోను, కావాలన్నవాడికి మొండిచెయ్యి. ఈ తిరకాసు ఎక్కడ పుట్టిందో, దాన్ని దాటడానికి న్యాయమైన దారులేమున్నాయో, అడ్డదారి తొక్కితే పోయేదేమిటో నిదానంగా చూద్దాం.

టాంపాలో ఉద్యోగం చేసుకుంటున్న మన ఇంజనీరు ఒకాయన కొత్త హోండా కొన్నాడనుకోండి. కారుతోపాటు కంపెనీ ఎలాగూ మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు, మొత్తం బండికి పూచీ ఇస్తుంది. ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ వగైరాలకు ఐదేళ్లు లేదా 60,000 మైళ్లు. టయోటాదీ ఇదే లెక్క. మనాయన ఒకసారి కొన్న బండిని పదేళ్లు నడిపే రకం. కంపెనీ పూచీ ముగిశాక మిగిలే ఏళ్లకు కూడా పూచీ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చని హోండాయే అమ్మే పొడిగింపు ఒప్పందం గురించి వాకబు చేస్తాడు. ఊళ్లో డీలర్ ఒక ధర చెబుతాడు. బోస్టన్‌లో ఉన్న స్నేహితుడేమో అదే ఒప్పందాన్ని, అన్నే ఏళ్లకు, అన్నే మైళ్లకు, ఇంటర్నెట్‌లో వేరే డీలర్ దగ్గర వందల డాలర్లు తక్కువకు కొన్నానంటాడు. మనాయన ఆ సైటు తెరిచి కారు నంబరు, తిరిగిన మైళ్లు కొట్టి, చివర్న జిప్ కోడ్ కొడతాడు. బేరం అక్కడితో సరి.

ఒకే ఒప్పందానికి దుకాణానికో ధర ఎందుకని అడగొచ్చు. వెనకున్న కంపెనీ ఒకటే అయినా, డీలర్ దాన్ని కొనే ధర ఒకటి, మనకు అమ్మే ధర ఒకటి. రెంటి మధ్యా ఎంత ఎడం ఉండాలన్నది చాలా రాష్ట్రాల్లో డీలర్ ఇష్టం. కొత్త కారు మీద మిగిలేది అంతంతమాత్రమే కాబట్టి, బేరం కుదిరాక సంతకాలకని మనల్ని కూర్చోబెట్టే ఫైనాన్స్ మేనేజర్ గదిలోనే అసలు వ్యాపారం నడుస్తుంది. నాలుగు గంటలు షోరూములో తిరిగి, పిల్లలు ఆకలని ఏడుస్తున్న వేళకి అక్కడికి చేరతాం. నెలకు ఇంకో 40 డాలర్లే కదా అని ఆయన అంటాడు. అది ఆరేళ్ల లోను అయితే 2,880 డాలర్లు అని ఆ గదిలో గుణించి చెప్పేవాడు ఎవడూ ఉండడు. కొందరు డీలర్లు మాత్రం ఒక్కోదాని మీద కొద్దిపాటి లాభం చాలనుకుని, ఇంటర్నెట్‌లో దేశమంతటికీ అమ్ముతారు. దేశమంతటికీ అంటే, ఫ్లోరిడా వంటివి మినహా.

ఈ మినహాయింపు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు బీమా పాలసీ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని చెప్పింది. దాంతో బీమా మీద పెత్తనమంతా రాష్ట్రాలదైంది. 1944లో అదే కోర్టు కాదు, వస్తుందని మాట మార్చింది. రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి. 1945లో కాంగ్రెస్ మెకారన్-ఫెర్గూసన్ చట్టం చేసి ఆ పెత్తనాన్ని తిరిగి రాష్ట్రాల చేతిలోనే పెట్టింది. 75 ఏళ్ల తర్వాత కోర్టు మార్చుకున్న అభిప్రాయానికి ఏడాది కూడా ఆయుష్షు దక్కలేదు. మన దగ్గర రాజ్యాంగం బీమాను కేంద్ర జాబితాలో పెట్టింది. దాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. శ్రీకాకుళానికి ఒక రూలు, ఆదిలాబాదుకు ఒక రూలు ఉండవు. మనకు రాష్ట్రం మారితే వచ్చే గొడవల్లా రోడ్డు టాక్సుదే. అక్కడ 50 రాష్ట్రాలకు 50 బీమా చట్టాలు.

అయితే కారు వారంటీ బీమా అవుతుందా? 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, కారు ధరలోనే కలిపి ఇచ్చే పూచీ వారంటీ. విడిగా డబ్బు తీసుకుని ఇచ్చేది సర్వీస్ కాంట్రాక్ట్. వీధిలో రెండింటినీ వారంటీ అనే అంటారు, మనమూ అలాగే అందాం. కానీ ఈ రెండో దాన్ని కాస్త పరకాయించి చూస్తే, ముందుగా డబ్బు కట్టించుకుని, తర్వాత నష్టం జరిగితే భరిస్తామనే బాపతు. అంటే వేషం వేరైనా గొంతు బీమాదే. దీన్ని ఏం చేయాలన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది. చాలా రాష్ట్రాలు ఇది బీమా కాదుగానీ, మా దగ్గర నమోదు చేసుకోండి, మీరు చెల్లించలేకపోతే చెల్లించడానికి వెనక ఒక బీమా పాలసీయో పూచీకత్తో పెట్టుకోండి అని ఊరుకున్నాయి. టెక్సాస్‌లో ఈ కంపెనీలను చూసుకునేది బీమా శాఖ కాదు, మంగలి షాపులకూ ఎలక్ట్రీషియన్లకూ లైసెన్సులిచ్చే శాఖ. తల క్షవరం, జేబు క్షవరం ఒకే కిటికీ దగ్గర.

ఫ్లోరిడా ఊరుకోలేదు. అక్కడి చట్టాల్లో 634వ అధ్యాయం మొదటి భాగమంతా మోటారు వాహనాల సర్వీస్ ఒప్పందాల గురించే. ఒప్పందం ఇచ్చే కంపెనీకి రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. అమ్మే మనిషికి విడిగా లైసెన్సు ఉండాలి, ఆ కంపెనీ తరఫున అమ్మడానికి నియామకం ఉండాలి. ఒప్పంద పత్రం నమూనాను బీమా నియంత్రణ కార్యాలయానికి సమర్పించాలి. అన్నింటికంటే ముఖ్యం, కొనుగోలుదారు దగ్గర ఎంత వసూలు చేస్తారో ఆ రేట్ల పట్టికను కూడా ముందే దాఖలు చేయాలి. దాఖలు చేసిన రేటు ఒకటి, పుచ్చుకునేది ఒకటి అయితే కుదరదు. ఎక్కువ తీసుకున్నా తప్పే, మొహమాటానికి తగ్గించినా తప్పే. పక్క రాష్ట్రపు డీలర్‌కు ఫ్లోరిడాలో అమ్మే లైసెన్సూ లేదు, అతని తగ్గింపు ధరకు ఫ్లోరిడా పట్టికలో చోటూ లేదు. అందుకే జిప్ కోడ్ చూడగానే దణ్ణం పెట్టి పంపేస్తాడు. ధర స్థిరంగా ఉండటం కొనేవాడి మేలుకే అంటుంది రాష్ట్రం. మేలు ఎవరికి జరిగిందో ఊళ్లో డీలర్ మొహం చూస్తే తెలిసిపోతుంది.

కాలిఫోర్నియా తాళం వేరు. అక్కడి బీమా చట్టం ప్రకారం కారు సర్వీస్ కాంట్రాక్టును అమ్మదగ్గవాళ్లు ప్రధానంగా వాహనాల డీలర్లే. కార్లు అమ్మని, టీవీ ప్రకటనలతో ఫోను మీద వ్యాపారం చేసే కంపెనీ ఇలాంటి పూచీ ఇవ్వబోతే చట్టం దాన్ని బీమాగానే లెక్కగడుతుంది. అప్పుడు బీమా కంపెనీకి ఉండాల్సిన హంగులన్నీ ఉండాలి. టీవీల్లో హోరెత్తే కొన్ని ప్రకటనల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాలిఫోర్నియావాసులకు వర్తించదని ఉండేది ఇందుకే. ఇక్కడ నాకు ఫ్లోరిడా మీద ఉన్న అనుమానం లేదు. ఇది కొనేవాడికి నిజంగానే రక్షణగోడ.

రాష్ట్రాలు ఇంత పట్టుదలగా ఎందుకున్నాయో తెలియాలంటే రెండు కథలు చాలు. నెబ్రాస్కాలోని లింకన్ నగరంలో ఆఫీసు, కేమన్ దీవుల్లో రిజిస్ట్రేషన్ పెట్టుకుని నేషనల్ వారంటీ అనే సంస్థ ఒకటి దేశమంతటా డీలర్లు అమ్మిన సర్వీస్ కాంట్రాక్టుల వెనక పూచీగా నిలబడింది. ఇలాంటి సంస్థలు ఒక రాష్ట్రంలో అనుమతి తెచ్చుకుంటే మిగతా రాష్ట్రాల్లోనూ పనిచేసుకోవచ్చని 1986 నాటి కేంద్ర చట్టమొకటి వెసులుబాటు ఇచ్చింది. 2003లో, మన ఊళ్లలో చిట్‌ఫండ్ కంపెనీ బోర్డు తిప్పేసినట్టే, అది చేతులెత్తేసింది. వేలమంది చేతుల్లో ఒప్పందాలు మిగిలాయి, డబ్బు చెల్లించేవాడు మిగల్లేదు. డీలర్ షాపు ఎదురుగానే తెరిచి ఉంది, కాఫీ కూడా ఇస్తాడు, కానీ మీ ట్రాన్స్‌మిషన్ బిల్లు తనది కాదంటాడు. ఒప్పందంలో బాధ్యత వేరే కంపెనీదని రాసి ఉంటే చట్టప్రకారం అది నిజమే.

రెండోది మిస్సోరిలోని వెంట్జ్‌విల్ పట్టణపు యూఎస్ ఫిడెలిస్. ఇద్దరు అన్నదమ్ములు నడిపిన ఈ కంపెనీ వాహన సర్వీస్ కాంట్రాక్టులు అమ్మడంలో దేశంలోకెల్లా పెద్దదిగా పేరు తెచ్చుకుంది. 2010లో దివాలా తీసింది. జనం కట్టిన సొమ్ములో పెద్ద మొత్తం రిపేర్లకు కాక యజమానుల ఇళ్లకూ విలాసాలకూ వెళ్లిందని తేలి, సోదరుల్లో ఒకరికి 8 ఏళ్ల జైలుశిక్ష పడింది. అదే రాష్ట్రం నుంచి నడిచే కార్‌షీల్డ్ సంగతి ఇంకా మొన్నటిది. ప్రకటనల్లో చెప్పిన మాటలకూ ఒప్పందంలో రాసినదానికీ పొంతన లేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 జులైలో ఆ కంపెనీ, దాని ఒప్పందాలను నిర్వహించే సంస్థ కలిసి కోటి డాలర్లు కట్టి రాజీపడ్డాయి. ప్రకటనల్లో సినిమా, టీవీ ప్రముఖులు కనిపించేవారు. తారలు చెప్పారని కొనడం మనకేమీ కొత్త కాదు, నవ్వడానికి లేదు.

అంచేత "మీ రాష్ట్రానికి అమ్మము" అన్న మాట విన్నప్పుడు కోపం తెచ్చుకునే ముందు, అంటున్నవాడెవడో చూడాలి. హోండా, టయోటా, ఫోర్డు కంపెనీల సొంత ఒప్పందం అమ్మే డీలర్ అంటే అది ధరల పట్టిక తగాదా. ఎప్పుడూ పేరు వినని ఫోన్ కంపెనీ అంటే మాత్రం, ఆ రాష్ట్రం మీకొక ఉపకారం చేసింది.

ఇప్పుడు అడ్డదారి సంగతి. మనాయన బుర్రలో వెంటనే మెరిసే ఆలోచన బోస్టన్ స్నేహితుడి చిరునామా. అరేయ్, నీ అడ్రస్ పెట్టుకుంటాన్రా అంటాడు. స్నేహితుడు దానికేముంది, పెట్టుకో అంటాడు. సైటు ఒప్పుకుంటుంది, కార్డు మీద డబ్బు పోతుంది, ఒప్పందపు కాగితాలు బోస్టన్‌కు వస్తాయి. నిజం చెప్పాలంటే చాలామందికి ఏమీ కాదు కూడా. పవర్ విండో చెడిందని టాంపా డీలర్ దగ్గరకు వెళితే, అతను కారు నంబరు కొట్టి చూస్తాడు. ఒప్పందం కనిపిస్తుంది, బాగుచేసి పంపిస్తాడు. ఆ ధైర్యంతోనే ఈ చిట్కా పార్టీల్లో, పాట్‌లక్కుల్లో నోటినుంచి నోటికి పాకుతుంది.

ఆ లైసెన్సు నిబంధనల గురి అమ్మేవాడి మీద, కొనేవాడి మీద కాదు. నిజమే. కొన్నంత మాత్రాన ఫ్లోరిడా పోలీసులు తలుపు తట్టరు. కానీ దరఖాస్తులో నేను మసాచుసెట్స్‌లో ఉంటున్నానని రాసి సంతకం పెట్టింది మనం. ఆ క్షణంనుంచి సమస్య అమ్మేవాడి లైసెన్సుది కాదు, మన అబద్ధానిది. 300 డాలర్ల రిపేరుకు ఎవరూ పాత కాగితాలు తవ్వరు. 6,000 డాలర్ల ట్రాన్స్‌మిషన్ క్లెయిము వచ్చినప్పుడు నిర్వాహక సంస్థ ప్రతినిధి తీరిగ్గా కూర్చుంటాడు. సర్వీసు రికార్డులు పంపండి, రిజిస్ట్రేషన్ పంపండి అంటాడు. ఆయిల్ మార్పించిన రసీదులన్నీ టాంపావి, రిజిస్ట్రేషన్ మొదటిరోజు నుంచీ ఫ్లోరిడాది, ఒప్పందం మాత్రం మసాచుసెట్స్ నమూనా మీద. కట్టకుండా తప్పించుకోవడానికి కారణం వెతుకుతున్నవాడికి అంతకంటే చక్కటి కారణం మనమే రాసి ఇచ్చినట్టు.

సరే, అన్యాయమని ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి? ఫ్లోరిడాలో బీమా, సర్వీస్ ఒప్పందాల ఫిర్యాదులు చూసే యంత్రాంగం గట్టిదే. కానీ ఈ డీలర్ మా దగ్గర లైసెన్సు ఉన్నవాడు కాదు, మా రాష్ట్రపు ఒప్పందం కాదు అంటుంది. మసాచుసెట్స్ వాళ్లేమో మీరసలు మా రాష్ట్రంలో లేరు కదా అంటారు. రెండు చోట్లా వాళ్లు చెప్పేది నిజమే, రెండూ మన కాగితం మీదే ఉన్నాయి. ఫ్లోరిడా చట్టం కొనుగోలుదారుకిచ్చే రద్దు హక్కులు కూడా ఇక్కడ చిక్కున పడతాయి. అక్కడి ఒప్పందాన్ని మొదటి 60 రోజుల్లో రద్దు చేసుకుంటే, అప్పటికే ఇచ్చిన క్లెయిములు, ఒక చిన్న రుసుము పోను, కట్టినదంతా వెనక్కి రావాలి. ఆ తర్వాత రద్దు చేసుకున్నా, మిగిలిన కాలానికి లెక్కగట్టి అందులో కనీసం 90 శాతం, ఇచ్చిన క్లెయిములు మినహాయించుకుని, తిరిగివ్వాలి. ధరల బేరం పోయిన చోట ఫ్లోరిడా ఇచ్చే కొసరు ఇది. బోస్టన్ చిరునామాతో కొన్నవాడు బేరం దక్కించుకుని కొసరు వదులుకున్నట్టు. ఇవన్నీ కాకపోయినా, ఈలోగా స్నేహితుడు బోస్టన్‌లో ఇల్లు మారితే కంపెనీ ఉత్తరాలు ఎవరి గుమ్మంలో పడతాయో చెప్పలేం.

నా మాట అడిగితే, 500 డాలర్ల ఆదా కోసం 6,000 డాలర్ల క్లెయిమును అబద్ధం మీద నిలబెట్టడం బేరం కాదు.

న్యాయమైన దారులు లేకపోలేదు. మొదటిది మనవాళ్లకు బాగా పనికొచ్చేది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నప్పుడు కారు కొని, ప్రాజెక్టు మారి ఫ్లోరిడాకు వచ్చేవాళ్లు ఎంతోమంది. కొనేనాటికి నిజంగా ఎక్కడ ఉంటున్నారో ఆ రాష్ట్రం చిరునామాతో కొన్న ఒప్పందం, తర్వాత ఊరు మారినంత మాత్రాన చెల్లకుండా పోదు. హోండా సొంత ఒప్పందం అమెరికా అంతటా, కెనడాలోనూ పనిచేస్తుంది. కాబట్టి మకాం మారేదుందని తెలిస్తే, అసలు వారంటీ గడువు ఇంకా ఉంటే, సామాన్లు సర్దకముందే కొనేయండి. కొత్త ఊరు చేరాక చిరునామా మార్పు కంపెనీకి తెలియజేయండి. ఇందులో దాపరికం ఏమీ లేదు.

రెండోది, కొన్ని బీమా కంపెనీలు మెకానికల్ బ్రేక్‌డౌన్ ఇన్సూరెన్స్ పేరుతో అమ్మేది. గైకో, మెర్క్యురీ వంటివి కొన్ని రాష్ట్రాల్లో ఇస్తాయి. ఇది పేరులోనే చెప్పినట్టు బీమా, రాష్ట్ర బీమా శాఖ కనుసన్నల్లో ఉండే సరుకు. కారు ఇన్సూరెన్సుతోపాటే కట్టుకుంటూ పోవచ్చు, వద్దనుకున్నరోజు మానేయవచ్చు. కాకపోతే కొన్ని కంపెనీలు కారు దాదాపు కొత్తగా ఉన్నప్పుడే చేర్చుకుంటాయి. దీని గురించి డీలర్ గదిలో ఎవరూ చెప్పరు, ఎందుకు చెబుతారు?

మూడోది, ఊళ్లోనే కొనడం, కాకపోతే తీరిగ్గా. దాఖలు చేసిన రేటును తగ్గించకూడదన్నారు గానీ, తక్కువ రేటున్న పథకం ఎంచుకోవద్దని ఎవరూ అనలేదు. పదేళ్లది బదులు ఏడేళ్లది, రిపేరుకు మన జేబులోంచి కట్టే డిడక్టబుల్ సున్నా ఉన్నదాని బదులు 100 డాలర్లది చూస్తే రేటు దిగుతుంది. వేరే కంపెనీ పథకం వేరే రేటుతో దాఖలై ఉంటుంది, దాన్నీ చూడొచ్చు. కారు ధర మీద బేరం ఎలాగూ మన హక్కు. ఇక ఈ రోజు సంతకం పెట్టకపోతే మళ్లీ దొరకదన్నది ఆ గదిలో పుట్టి ఆ గదిలోనే చచ్చే మాట. తయారీదారుల సొంత ఒప్పందాలను సాధారణంగా అసలు వారంటీ గడువు ముగిసేలోగా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. రెండున్నరేళ్లు బండి ఎలా నడుస్తుందో చూసి నిర్ణయించుకోవచ్చన్నమాట. లోను ఇచ్చే బ్యాంకు ఇది తప్పనిసరి అంటోందని చెబితే, ఆ ముక్క కాగితం మీద రాసివ్వమనండి. తరచూ అక్కడితో తప్పనిసరి కాస్తా ఐచ్ఛికమైపోతుంది.

నాలుగో దారి, కొనకపోవడం. ఈ దారికి ప్రకటనలు ఉండవు. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దశాబ్దం కిందట 12,000 మంది కొనుగోలుదారులను వాకబు చేసినప్పుడు, పొడిగింపు వారంటీ కొన్నవాళ్లలో 55 శాతం మంది దాన్ని ఒక్క రిపేరుకూ వాడుకోలేదు. కట్టిన సొమ్ము మధ్యస్థ విలువ 1,200 డాలర్ల పైచిలుకు. వాడుకున్నవాళ్లకు కూడా సగటున కట్టినంత తిరిగి రాలేదు. అసలు కొనేముందు ఉచితంగా ఉన్నదేమిటో చూసుకోవాలి. కాలుష్య నియంత్రణకు సంబంధించిన కెటలిటిక్ కన్వర్టర్, ఇంజిన్ కంప్యూటర్ వంటి ఖరీదైన భాగాలకు కేంద్ర నిబంధనల ప్రకారం 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల పూచీ ముందే ఉంది. 2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు ఉంది. హ్యుందాయ్, కియా ఇంజిన్‌కు 10 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు, అయితే మొదటి యజమానికి మాత్రమే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న విద్యార్థులు ఆ చివరి ముక్కను రెండుసార్లు చదవాలి. ఉన్నదానికే మళ్లీ డబ్బు కట్టడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

అయినా కొనదగ్గ సందర్భాలు ఉన్నాయి. ఖరీదైన జర్మన్ కార్లు, సెన్సర్లూ స్క్రీన్లూ నిండిన బళ్లు, ఒక్కసారిగా 4,000 డాలర్ల బిల్లు వస్తే తట్టుకోలేని కొత్త సంసారాలు. వీళ్లకు ఇది లాభం కోసం కాదు, నిద్ర కోసం. తప్పు లేదు. కాకపోతే సంతకం ముందు ఒప్పందంలో కొన్ని చోట్ల వేలు పెట్టి చదవాలి.

మొదట, చెల్లించే బాధ్యత ఎవరిదో చెప్పే వాక్యం. అమ్మే డీలర్ ఒకడు, క్లెయిములు చూసే నిర్వాహక సంస్థ ఇంకొకటి, బాధ్యత మోసే కంపెనీ మరొకటి, అది చేతులెత్తేస్తే కట్టాల్సిన బీమా కంపెనీ నాలుగోది. ఈ నాలుగో పేరు పత్రంలో లేకపోతే లేచి వచ్చేయొచ్చు. తర్వాత, ఏ భాగాలకు వర్తిస్తుందో జాబితా ఇచ్చారా, ఏ భాగాలకు వర్తించదో జాబితా ఇచ్చారా అన్నది. రెండోదే మేలు, ఎందుకంటే జాబితాలో లేనిదంతా వాళ్ల ఖర్చు. మొదటి రకంలో జాబితాలో లేనిదంతా మన ఖర్చు.

ఇంకా కిందికి వెళితే విప్పి చూడటం గురించి ఒక పేరా ఉంటుంది. దాని అర్థం ఇది. ఇంజిన్ లోపల శబ్దం వస్తోంది. మెకానిక్ విప్పితేగానీ కారణం తెలియదు. విప్పడానికి అయ్యే కూలీకి ముందు మనమే ఒప్పుకుని సంతకం పెట్టాలి. లోపల బయటపడిన కారణం ఒప్పందంలో ఉన్నదైతే కంపెనీ భరిస్తుంది. అరుగుదల అనో, ఆయిల్ సకాలంలో మార్పించలేదనో తేలితే ఆ కూలీ మన నెత్తిన, పైగా ఇంజిన్ ముక్కలుగా బల్ల మీద. ఆయిల్ మార్పించిన రసీదులు దాచుకోవడం ఎందుకో ఆ బల్ల దగ్గర నిలబడినవాడికి తెలుస్తుంది. గంటకు మెకానిక్ కూలీ ఇంత దాటితే పైది మీరే కట్టాలనే గీత ఇంకోచోట ఉంటుంది. కాలిఫోర్నియా బే ఏరియా షాపుల రేట్లకు ఆ గీత చాలా సార్లు అందదు.

రద్దు షరతులు చివరి పేజీలో ఉంటాయి, చదవాల్సింది ముందు. కాలిఫోర్నియాలో కొత్త కారుకైతే 60 రోజుల్లోగా, తయారీదారు వారంటీ లేని పాత కారుకైతే 30 రోజుల్లోగా రద్దు చేసుకుంటే, క్లెయిము ఏదీ పెట్టని పక్షంలో పూర్తి సొమ్ము వెనక్కి రావాలి. ఆ తర్వాత రద్దు చేసుకుంటే మిగిలిన కాలానికి లెక్కగట్టి ఇస్తారు, రుసుము ధరలో పది శాతం లేదా 25 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. లోనులో కలిపి కొన్నవాళ్లకు డబ్బు చేతికి రాదు, మామూలుగా లోను ఇచ్చినవాడి ఖాతాకు వెళ్లి అసలు తగ్గుతుంది. నెలవారీ కిస్తీ మాత్రం అంతే ఉంటుంది కాబట్టి, డబ్బు రాలేదని డీలర్‌తో గొడవపడేముందు లోను స్టేట్‌మెంటు చూడాలి.

ఫ్లోరిడాలో ఈమధ్యే కారు కొని, ఆ గదిలో ఏం సంతకం పెట్టారో సరిగ్గా గుర్తులేనివాళ్లు గ్లవ్‌బాక్సులోని కాగితాలు బయటకు తీయండి. ఒప్పందం మీద బాధ్యత మోసే కంపెనీ పేరు చూసి, అది లైసెన్సు ఉన్నదో కాదో రాష్ట్ర బీమా నియంత్రణ కార్యాలయం సైటులో సరిచూడండి, అక్కడ వెతకడం ఉచితం. ఒప్పందం మీదే కొన్న తేదీ కూడా ఉంటుంది. అది వద్దనుకుంటే, 60 రోజులు దాటకపోతే రద్దు ఉత్తరం ఈ వారమే పంపండి, రసీదు వచ్చే పద్ధతిలో పంపండి.